ఆ స్క్రిప్ట్ ఆమె ఫోల్డర్‌లోది కాదు

నా భార్య పోయిన నెల కాకినాడ ఆసుపత్రిలో చనిపోయింది. రాజమండ్రి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చాలా ఏళ్లు కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంది. సంతాప సభలో ప్రిన్సిపాల్ గారు రెండు మంచి మాటలు చెప్పి, ఆ వెంటనే, "మేడమ్ అన్నీ తన ఫోల్డర్‌లోనే పెట్టుకున్నారండి. ఆవిడ అకౌంట్ తీసేశాక సర్వర్ ఆన్ చేస్తే అటెండెన్స్ ప్రోగ్రామ్ లేవడం లేదు," అన్నారు.

అందరూ జాలిగా తలలూపారు. నాకు ఒళ్లు మండింది.

మెషీన్ ఆన్ అవగానే ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే చిన్న ఫైలే స్టార్టప్ స్క్రిప్ట్. అది ఎక్కడ ఉండాలన్నది ఆమెకు పెద్ద పట్టింపు. స్క్రిప్ట్ యూఎస్ఆర్ లోకల్ బిన్‌లో, దాన్ని లేపే ఫైలు ఈటీసీ కింద సిస్టమ్‌డీలో; రెండూ సర్వర్ సొంత చోట్లే, ఎవరి పేరు మీదా ఉండవు. మనుషుల పేరుతో ఉండి, అకౌంట్‌తో పాటే పోయే హోమ్ ఫోల్డర్లలో ఎప్పుడూ కాదు. "మనిషి సెలవు పెడతాడు, ఉద్యోగం మారతాడు, పోతాడు. మెషీన్‌కి ఆ సంగతి తెలియకూడదండి," అనేది. కొత్తగా చేరినవాళ్లతో సర్వర్ ఆపించి, ఆన్ చేయించి, "ఇక చేతులు కట్టుకోండి. అదే లేవాలి," అని నిలబెట్టేది. ఇంట్లోనూ అంతే. గ్యాస్ బుక్ చేసే నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. తన ఫోన్‌లో ఉంటే నాకేం లాభమని.

మర్నాడు ల్యాబ్‌కు వెళ్లాను. ఆమె సెలవు పెట్టినప్పటి నుంచి ఆమె స్థానంలో ఉన్న సార్ నాకు కుర్చీ వేశారు.

"మేడమ్ సెలవులో ఉన్నప్పుడు స్క్రిప్ట్‌ను ఆవిడ ఫోల్డర్‌లోకి నేనే మార్చానండి. పాత చోటైతే ఏం సవరించాలన్నా, సర్వర్ మొత్తానికి తాళంలాంటి రూట్ పాస్‌వర్డ్ ప్రతిసారీ కొట్టాలి. ఆవిడ లాగిన్ నా దగ్గరుంది కదాని..."

"మరి సభలో చెప్పలేదేం?"

"పెద్దాయన మాట్లాడుతుంటే ఎలా అడ్డొస్తానండి?"

ఇద్దరం ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లి జరిగింది చెప్పాం. ఇది అందరికీ తెలియాలన్నాను. "పోయినావిడ గురించి ఇప్పుడెందుకండి, వదిలేద్దాం," అన్నారాయన.

"బతికుంటే తనే చెప్పుకునేదండి," అన్నాను. కదల్లేదు.

మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో, అందరి ముందూ, ఆ సార్ నిలబడి తప్పు తనదని చెప్పారు. ప్రిన్సిపాల్ గారు కిటికీ వైపు చూస్తూ విన్నారు. క్షమించమని మాత్రం అనలేదు.

తరువాత ఆ సార్ ఆమె తీసి ఉంచిన బ్యాకప్‌లోంచి స్క్రిప్ట్‌ను దాని చోటికి చేర్చారు. తెరిస్తే, పై వరుసలో ఆమె రాసిన మాట ఉంది: "మార్చినవారు పేరు, కారణం రాయాలి." కింద ఆయన తన పేరు కొట్టారు. కారణం దగ్గర కర్సర్ చాలాసేపు మినుకుమంటూనే ఉంది.