బెజ్జం లేని పెట్టె

వర్క్‌షాపులో ఆయన్ని అందరూ నునుపు సారు అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది రేకులు వంచే మేస్త్రి. "ఎంత నున్నగా చేసిచ్చినా తడిమి చూసి ఇంకొంచెం అంటాడు. ఆ మనిషి గడ్డం కూడా పూటకోసారి గీసుకుంటాడేమో!" అని ఒకరోజు అందరి ముందూ అనేశాడు. అంతే, పేరు అతుక్కుపోయింది. ఆయన ఏమీ అనుకోలేదు. నిజం చెప్పొద్దూ, లోపల్లోపల మురిసిపోయాడు కూడా.

అక్కడ తయారయ్యేవి బల్ల మీద పెట్టుకునే బుల్లి కంప్యూటర్లు, టిఫిన్ డబ్బా అంత ఉంటాయి. లోపలి సరుకంతా బయటినుంచి వస్తుంది. పెట్టె ఎలా ఉండాలి, వైర్లు గుచ్చే బెజ్జాలు ఎన్ని, ఏవి ఎక్కడ, ఎలాంటివి అన్నది మాత్రం నునుపు సారు తేల్చాలి. ఓస్, ఇంతేనా అనుకునేరు! సొంత ఇంటికి గుమ్మం ఎటు పెట్టాలా అని జనం ఎంత బుర్ర బద్దలు కొట్టుకుంటారో, ఒక్కో బెజ్జానికి ఆయన అంత కొట్టుకుంటాడు.

ఎందుకంత పట్టింపంటే, ఆయన పెరిగిన ఇల్లు అలాంటిది. వాళ్ళ నాన్న ఇంట్లోనే రేడియోలూ టీవీలూ బాగుచేసేవాడు. అన్నం తినే బల్ల మీద వైర్లు, మంచం కింద వైర్లు, స్నానాలగది తలుపుకి వేలాడుతూ వైర్లు. హోంవర్కు చేసుకోవాలంటే ముందు అక్క ఆ వైర్లన్నిటినీ ఎత్తి పట్టుకోవాలి, ఈయన కిందనుంచి పుస్తకం దూర్చాలి. పెద్దయ్యాక ఏ వస్తువు చేసినా దాని ముఖాన ఒక్క బెజ్జం, ఒక్క వైరు కనపడకూడదని అప్పుడే అనుకున్నాడట. చిన్నప్పుడు అందరం లక్ష అనుకుంటాం, ఎవరికి గుర్తుంటాయి చెప్పండి? ఈయనకి గుర్తుండిపోయింది, అదీ వచ్చిన తంటా.

ఉద్యోగంలో చేరింది మొదలు ఆయన గీసిన ప్రతి పెట్టెకీ వర్క్‌షాపు ఓనరు, అందరూ పెద్దమేడమ్ అనే ఆవిడ, ముందువైపు రెండు బెజ్జాలు పెట్టించేది. ఈయన ముఖం మాడ్చుకుని పెట్టేవాడు. ఇన్నేళ్ళు ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరగా పోరగా, చివరికి ఒక్క పెట్టెకి సరే అంది. ముఖం అద్దంలా ఉంటుంది, మీట కూడా ఉండదు. బెజ్జాలన్నీ వెనకే. అవీ ఎటు పెట్టినా దూరే చిన్న టైప్-సి రకమే తప్ప పాత వెడల్పు రకం ఒక్కటీ లేదు.

"పెన్‌డ్రైవులన్నీ వెడల్పువే కదయ్యా?" అంది పెద్దమేడమ్.

"అది ఎప్పుడైనా మొదటిసారికి దూరిందా మేడమ్? దూరదు. తిప్పుతాం, అయినా దూరదు. మళ్ళీ తిప్పితే దూరుతుంది. అంటే మనం మొదట పెట్టిందే సరైంది! ఇంతకన్నా మోసం ఉంటుందా?"

ఆవిడ పకపకా నవ్వేసింది. కానీ ఆ వర్క్‌షాపులో ఒక పద్ధతుంది, దాన్ని మాత్రం వదల్లేదు. పెట్టెలన్నీ ఒకేలా తీసే అచ్చు పోయించే ముందు, మేస్త్రి రేకుతో చేసిన మొదటి పెట్టె దాన్ని గీసినవాళ్ళ ఇంటికే వెళ్ళాలి. గీసినవాళ్ళు కాకుండా ఇంట్లో ఇంకెవరో దానిమీద రోజూ పని చేసుకోవాలి. ఏదో ఒకరోజు పెద్దమేడమ్ చెప్పాపెట్టకుండా వచ్చి, టీ తాగి, పెట్టె ఎలా ఉందో చూసి, వాళ్ళని అడిగి పోతుంది. బాగుందంటే అచ్చు పోస్తారు, ఇక ఆ బెజ్జాలని ఎవరూ కదపలేరు. బాగాలేదంటే మళ్ళీ ముందువైపు బెజ్జాలే. నునుపు సారు కల మొత్తం ఇప్పుడు ఆయన భార్య నోటి మాట మీద ఉందన్నమాట.

భార్య ఇంటి ముందుగదిలో ఎంబ్రాయిడరీ చేస్తుంది. బడిపిల్లల బ్యాడ్జీలు, హోటల్ తువ్వాళ్ళ మీద గుర్తులు, డాక్టర్ల కోట్ల మీద పేర్లు. కంప్యూటర్లో బొమ్మ గీసి పెన్‌డ్రైవులో ఎక్కించి, ఎడంపక్కనున్న కుట్టు మిషన్‌కి గుచ్చుతుంది. మళ్ళీ పీకి కంప్యూటర్‌కి పెడుతుంది. పొద్దస్తమానం ఇదే పని. పక్కవీధిలో ఉండే ఆయన అక్క మధ్యాహ్నాలు వచ్చి, వేలాడే దారాలు కత్తిరిస్తూ కబుర్లు చెబుతుంది. వదినా మరదళ్ళు ఇద్దరూ చేరితే ఇక మిషన్ల చప్పుడు కూడా వినపడదు.

పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టగానే భార్య, "ఎంత ముద్దుగా ఉందండీ!" అంది. మనస్ఫూర్తిగానే అంది. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఇంటికి రాగానే ఆయన "ఎలా ఉంది?" అని అడగడం, ఆవిడ "బంగారంలా ఉంది" అనడం. పెట్టె నున్నటి ముఖంతో మిలమిలా మెరుస్తూ కూర్చుని ఉండేది. చొక్కా అంచుతో దాన్ని ఒకసారి తుడిస్తే గానీ ఆయన కాళ్ళు కడుక్కునేవాడు కాదు.

అలా ఉండగా ఒకరోజు చదువుకునే కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి, మధ్యాహ్నం బండి వర్క్‌షాపులోనే ఉంచి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. పెట్టె గోడకేసి తిరిగి ఉంది! దాని వెనకభాగం భార్య వైపుంది. వైర్లన్నీ ముందుకే వచ్చి పడ్డాయి, వాటిని జుట్టుకి పెట్టుకునే క్లిప్పుతో ఒక కట్ట కట్టింది. చిన్న బెజ్జంలో వెడల్పు పెన్‌డ్రైవు దూరదు కాబట్టి మధ్యలో ఒక అడాప్టరు తోకలా వేలాడుతోంది. ఆవిడ చూడకుండానే చెయ్యి చాపి పెన్‌డ్రైవు పీకి, ఏదో కూనిరాగం తీసుకుంటూ మిషన్‌కి గుచ్చింది. ఈయన వచ్చినట్టు కూడా గమనించలేదు.

వాకిట్లో దారాలు కత్తిరిస్తున్న అక్క గబుక్కున లేచి, నోటిమీద వేలేసుకుని, ఆయన్ని రెక్క పట్టుకుని వీధిలోకి లాక్కెళ్ళింది.

"ఎన్నాళ్ళనుంచి సాగుతోంది ఇది?"

"నువ్వు తెచ్చిన రెండోరోజు నుంచే. లేచి, వంగి, వెనక తడుముకుని, మళ్ళీ కూర్చుని... దానికి నడుం పట్టేసిందిరా! సాయంత్రం నీ బండి చప్పుడు వినపడగానే నేను వైర్లు ఎత్తి పట్టుకుంటా, అది పెట్టె తిప్పుతుంది."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదే!"

"ఎలా చెప్తుందిరా? 'ఆయన ఎంత ఇష్టపడి చేశారో వదినా, దానికేం లోటు, నాకే అలవాటు కాలేదు' అంటుంది. నాచేత ఒట్టు కూడా వేయించుకుంది."

"మరి ఇప్పుడు చెప్పేశావుగా?"

"నేనెక్కడ చెప్పాను? చూసింది నువ్వు!"

కళ్ళజోడు సంగతే మర్చిపోయి తిరిగి వెళ్ళిపోయాడు. ముందు భార్య మీద కోపం వచ్చింది. వీధి చివరికి వెళ్ళేసరికి అది కాస్తా తన మీదికే తిరిగింది. రోజూ ఎలా ఉందని అడిగాడే గానీ, ఒక్క పూట పక్కన కూర్చుని ఆమె పని చేస్తుంటే చూశాడా? కానీ మనిషన్నాక ఆశ చావదు కదండీ. నోరు మూసుకుంటే చాలు, పెద్దమేడమ్‌తో కూడా ఆమె బంగారం అనే అంటుంది. అచ్చు పోస్తారు. చిన్నప్పటినుంచి కోరుకున్నది చేతికొస్తుంది. ఆ సాయంత్రం కూడా పెట్టె ఠంచనుగా ముఖం తిప్పుకుని కూర్చుంది. ఎలా ఉందని మాత్రం ఆయన అడగలేకపోయాడు. అన్నం కూడా సరిగ్గా సహించలేదు. "ఒంట్లో బాలేదా?" అని భార్య నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే, ఇంకా సిగ్గేసింది.

రెండురోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మూడోరోజు మధ్యాహ్నం పెద్దమేడమ్ కారు తాళాలు ఊపుకుంటూ వచ్చి, "పదవయ్యా, మీ ఇంట్లో టీ తాగుదాం" అంది. ఈయన బండి చప్పుడైతే ఇంట్లోవాళ్ళు గుర్తుపడతారు, కారు చప్పుడు వాళ్ళకి ఏం తెలుస్తుంది? జేబులో ఫోనుంది, అక్కకి ఒక్క మాట చెబితే చాలు. చెయ్యి జేబులోకి వెళ్ళింది కూడా. ఎందుకో ఉత్త చెయ్యే బయటికి తీశాడు.

అయితే అక్క కిటికీలోంచి అన్నీ చూస్తూనే ఉంటుంది. వీళ్ళు లోపలికి అడుగుపెట్టేసరికి పెట్టె బుద్ధిగా ముఖం చూపిస్తోంది. వెనక వైర్లు ఇంకా ఊగుతున్నాయి. భార్య ఒక చేత్తో నడుం పట్టుకుని రొప్పుతూ, "రండి, కూర్చోండి" అంటోంది.

టీ వచ్చింది. పెద్దమేడమ్ పెట్టెని అటూ ఇటూ చూసి, "ఏమ్మా, దీంతో పని సుఖంగా ఉందా?" అని అడిగింది.

"చాలా సుఖంగా ఉందండీ. ఏ ఇబ్బందీ లేదు" అంది భార్య. ఆ మాటంటూ భర్త వైపు చూసి, మీ కోరిక తీరింది పొండి అన్నట్టు చిన్నగా నవ్వింది.

ఆ నవ్వు చూసి ఆయన ఉండలేకపోయాడు. "అబద్ధం మేడమ్" అన్నాడు. లేచి వెళ్ళి పెట్టెని గోడకేసి తిప్పి పెట్టాడు. "పగలంతా ఇది ఇలా ఉంటుంది. నేనొచ్చే వేళకి నాకోసం తిప్పి పెడుతున్నారు, ఆడపడుచూ ఆవిడా కలిసి."

"నన్నెందుకురా లాగుతావు!" అంది అక్క.

భార్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఏంటండీ మీరు! ఇన్నేళ్ళకి ఈ ఒక్కటైనా మీ ఇష్టప్రకారం జరగాలనే కదా..."

"నువ్వు నడుం విరగ్గొట్టుకుంటే నాకేం ఇష్టమే? నాకు ముందే కనపడి ఉండాలి. కనపడలేదు. తప్పు నాది" అన్నాడు. అలా పైకి అనేశాక ఆయనకి ప్రాణం తేలికపడింది.

పెద్దమేడమ్ కప్పు కింద పెట్టి, "అయితే ఇప్పుడేం చేద్దామంటావు?" అని అడిగింది.

ఆయన పెట్టెని మళ్ళీ సరిగ్గా తిప్పి, భార్యని కుర్చీలో కూర్చోమన్నాడు. చేతికి పెన్‌డ్రైవు ఇచ్చాడు. "కళ్ళు మూసుకో. ఇందాక కుడుతున్న బ్యాడ్జీ గురించి ఆలోచించు. ఇప్పుడిది పెట్టెకి గుచ్చు."

"ఎక్కడ గుచ్చనండీ, అటువైపు ఏమీ లేదుగా!"

"లేకపోతే పోనీ. చెయ్యి ఎటు పోతే అటు."

ఆవిడ సిగ్గుపడుతూనే కళ్ళు మూసుకుంది. ఎడంచెయ్యి దానంతటదే వెళ్ళి, పెట్టె ముఖం మీద ఎడంపక్క, కొంచెం కిందగా తగిలి ఆగింది. ఆయన బల్ల మీదున్న దర్జీ సుద్ద తీసుకుని, ఆ మెరిసే రేకు మీద, సరిగ్గా పెన్‌డ్రైవు తగిలినచోట గట్టిగా గీత గీశాడు.

"ఇక్కడ మేడమ్. వెడల్పు రకమే."

భార్య కళ్ళు తెరిచి చూసి ఉలిక్కిపడింది. "అయ్యో, మీ పెట్టె పాడైపోయిందండీ!" అంటూ గబగబా చేత్తో తుడవబోయింది.

ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "తుడవకు. రేపు మేస్త్రికి చూపించాలి."