డిలీట్ ఉండాల్సిన మూల

కరోనా తగ్గి కోర్టులు పూర్తిగా తెరుచుకున్న మరుసటి ఏడాది, వేసవి సెలవులు అయిపోగానే, పాతబస్తీలోని ఒక సెషన్స్ కోర్టుకు సూపరింటెండెంట్‌గా వెళ్లాను. రిటైర్ కావడానికి ముందు అదే నా చివరి పోస్టింగ్. సూపరింటెండెంట్ అంటే కోర్టు ఆఫీసుకు పెద్దదిక్కు. సిబ్బంది హాజరు, రికార్డు గది, నకళ్లు, ఫ్యాన్ల రిపేరు, తాగేనీళ్లు, అన్నీ అతని నెత్తి మీదే. నేను చేరిన నెలలోనే మాకు కొత్త ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. ఒక ల్యాప్‌టాప్ తయారైన తీరు వల్ల ఒక తల్లి చెప్పిన సాక్ష్యం గాలిలో కలిసిపోతుందని అప్పుడు ఎవరైనా నాతో అంటే, పోవయ్యా, పనిలేదా అని నవ్వేవాణ్ణి. కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

మా దగ్గర సాక్ష్యం ఎలా నమోదవుతుందో ముందు చెప్పాలి. సాక్షి బోనెక్కి ప్రమాణం చేసి తెలుగులోనో ఉర్దూలోనో చెబుతాడు. జడ్జి గారు విని, దాన్ని ఇంగ్లీషులో వాక్యం వాక్యంగా డిక్టేట్ చేస్తారు. బెంచి కింద కూర్చున్న టైపిస్టు అక్కడికక్కడే కొడుతుంది. పూర్తయ్యాక ప్రింటు తీసి, సాక్షికి అతని భాషలో చదివి వినిపించి, ప్రతి పేజీ మీద సంతకమో వేలిముద్రో తీసుకుంటాం. ఆ ముద్ర పడేదాకా అది సాక్ష్యం కాదు. జడ్జి గారు చెవులారా విన్నా సరే, కాగితం మీదికి రానిది రానట్టే లెక్క.

మా టైపిస్టు సుజాత. సైదాబాద్ నుంచి వచ్చేది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఇనప మిషను మీద హయ్యర్ పరీక్ష పాసైన చివరి తరం మనిషి. ఆమె కొడుతుంటే కోర్టు హాలంతా టకటకలు వినిపించేవి. ఆమె చూపు మాత్రం కీబోర్డు మీద ఉండదు, తెర మీద కూడా ఉండదు. జడ్జి గారి పెదవుల మీదే ఉంటుంది. అది ఆమె గొప్ప కాదు, ఆ పనే అంత. డిక్టేషన్ ఆగదు, సాక్షి ఆగడు, అటు లాయర్ల అభ్యంతరాలు ఆగవు. తల దించితే ఒక వాక్యం పోతుంది. జడ్జి గారు చెప్పిన వాక్యం నచ్చక "తీసెయ్ అమ్మా, మళ్లీ చెబుతా" అన్నప్పుడు, సుజాత కర్సర్‌ను వాక్యం మొదటికి పట్టుకుపోయి, కుడిచేతి చిటికెన వేలితో పైమూలలోని డిలీట్‌ను నొక్కి పట్టుకునేది. వాక్యం మొత్తం తుడిచిపెట్టుకుపోయేదాకా వేలు తీసేది కాదు. ఏళ్ల తరబడి ఆ చెయ్యి అలాగే అలవాటు పడింది.

మా పాత ల్యాప్‌టాప్‌లు నల్లగా, లావుగా, ఇటుకల్లా ఉండేవి. ఆఫీసు ల్యాప్‌టాప్ అంటే అప్పట్లో అదే రూపం. కీల నడుమ కొంచెం గుంట ఉండి వేలు అందులో కుదురుగా కూర్చునేది. పై వరుసలో నాలుగేసి కీలకు ఒక ఖాళీ. కుడిపక్క అంకెల గడి. దానికి ఇవతల, అక్షరాల కీల పైమూలలో డిలీట్. ఆన్ చేసే బటన్ వీటన్నిటికీ దూరంగా, పైన గుండ్రంగా, చిన్న దీపంతో విడిగా ఉండేది. కొత్తవి వచ్చిన రోజు అందరం మూగి చూశాం. వెండిరంగు, చపాతీలా పలుచన. మా అటెండర్ యాదగిరి ఒకటి చేత్తో ఎత్తి, "సార్, గిది లోపల ఏమన్న ఉన్నదా, ఉత్త డబ్బానా?" అన్నాడు. అంకెల గడి లేదు. బాణాల కీలు ముడుచుకుపోయాయి. గుంటలు లేవు, ఖాళీలు లేవు, అన్నీ ఒకే ఎత్తులో నున్నగా ఉన్నాయి. ఎంత బాగుందో అని మెచ్చుకున్నవాళ్లలో సుజాత కూడా ఉంది. డిలీట్ ఒక గడి ఎడమకు జరిగిందని, దాని పాత మూలలో, అదే కొలత, అదే రంగుతో, ఆఫ్ చేసే బటన్ వచ్చి కూర్చుందని మేమెవరం పట్టించుకోలేదు.

ఆ వారం ఒక హత్యాయత్నం కేసు విచారణకు వచ్చింది. దబీర్‌పురా వైపు రైలు పట్టాల పక్కన పాల వ్యాపారం చేసుకునే కుటుంబం. ఇద్దరు అన్నదమ్ములు. బర్రెల కొట్టం ఎవరిదన్న లొల్లి. తెల్లవారుజామున పాలు పిండుతూ కూర్చున్న చిన్నవాడు శ్రీనును వెనక నుంచి ఎవరో కర్రతో బాదారు. కుడిచెయ్యి రెండుచోట్ల విరిగి వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో ఇక పాలు పిండలేడు. కొట్టినవాణ్ణి తాను చూడలేదని శ్రీను తన సాక్ష్యంలో ఒప్పుకున్నాడు, ఎందుకంటే వెనక్కి తిరిగేలోపే పడిపోయాడు. చూసింది ఒక్క తల్లి. ఆమె పేరు ఎల్లమ్మ. ముద్దాయిగా నిలబడ్డది ఆమె పెద్దకొడుకు రాజు. కేసు మొత్తం ఆమె నోటి మీదే ఆధారపడి ఉంది.

ఆ రోజు బెంచ్ క్లర్కు సెలవులో ఉండడంతో నేనే ఆయన కుర్చీలో కూర్చుని ప్రమాణం చేయించాను. ఎల్లమ్మ బోను కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది. పేరు, మొగుడి పేరు, చేసే పని చెప్పింది. ముద్దాయి తనకు ఏమవుతాడని ప్రాసిక్యూటర్ అడిగితే, "నా పెద్దకొడుకు" అంది. తరువాత చాలాసేపు మాట్లాడలేదు. జడ్జి గారు తొందరపెట్టలేదు.

"కర్ర వట్టింది వీడే సారూ" అంది చివరికి. "కొట్టంల లైటు ఉండె. నా కండ్లతోని నేనే చూసిన. ఒద్దురా బిడ్డా, వాడు నీ తమ్ముడురా అని మొత్తుకున్న. ఇన్లేదు."

ముప్పై ఏళ్ల పైచిలుకు సర్వీసులో ఎన్నో సాక్ష్యాలు విన్నాను. అలాంటిది మాత్రం వినలేదు. జడ్జి గారు డిక్టేట్ చేశారు. తరువాత లైటు ఎక్కడ ఉండేది, ఎంత దూరం నుంచి చూశావు అని ప్రాసిక్యూటర్ అడిగిన ప్రశ్నలకు ఆమె జవాబులు కూడా వచ్చాయి. లైటు గురించిన వాక్యం సరిగా కుదరలేదని జడ్జి గారికి అనిపించింది.

"ఆ చివరి వాక్యం తీసెయ్ అమ్మా" అన్నారు.

సుజాత చిటికెన వేలు మూలకు వెళ్లింది. నొక్కి పట్టుకుంది. జడ్జి గారు కొత్త వాక్యం మొదలుపెట్టారు. ఆమె కళ్లు ఆయన మీదే ఉన్నాయి. వేలు తీసి కొట్టడం మొదలుపెట్టాక గానీ తల దించలేదు. దించేసరికి తెర నల్లగా ఉంది.

"సార్..." అంది.

నేను లేచి వెళ్లి చూశాను. మళ్లీ ఆన్ చేశాం. ల్యాప్‌టాప్ ఏమీ ఎరగనట్టు పువ్వుల బొమ్మ చూపించింది. వెతగ్గా వెతగ్గా, దానంతట అది దాచుకున్న కాపీ ఒకటి దొరికింది. అందులో ఎల్లమ్మ పేరు ఉంది, పని ఉంది, చిట్టచివర "ముద్దాయి నా పెద్దకొడుకు" అన్న వాక్యం ఉంది. ఆ తరువాత ఒక్క అక్షరం లేదు. అంతసేపు నోరు పెగలక, పెగలక ఆమె చెప్పిన మాట ఎటు పోయిందో తెలియదు.

జడ్జి గారు తెర వైపు, బోను వైపు మార్చి మార్చి చూశారు. డిఫెన్స్ లాయరు లేచి, రికార్డులో లేనిదాన్ని జ్ఞాపకం నుంచి రాయకూడదని అభ్యంతరం చెప్పారు. చట్ట ప్రకారం ఆ మాట న్యాయమే. సాక్షి మళ్లీ చెప్పాలి. అప్పటికే భోజన విరామం వేళయింది. విరామం తరువాత మొదటి నుంచి మళ్లీ నమోదు చేద్దామని, ఆలోపు సాక్షితో ఎవరూ మాట్లాడవద్దని ఆదేశించి జడ్జి గారు లేచారు.

ఎల్లమ్మ నన్ను ఆపింది. "అయిపోయింది గద బాపూ? ముద్ర ఎయ్యాల్నా?"

"అది పోయిందమ్మా. మళ్లీ చెప్పాలి."

"మల్లనా?" అంది. ఆ ముఖం చూడలేక పక్కకు తిరిగాను.

వరండాలో ఆమెతో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. కానిస్టేబుల్ కాపలా ఉన్నాడు, అదీ నిజమే. పెద్దకొడుకు భార్య మాత్రం కొంచెం ఎడంగా నేల మీద కూర్చుని, పిల్లదాన్ని ఒళ్లో వేసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే ఉంది. ఏడవొద్దని ఏ కోర్టు ఆదేశించగలదు?

విరామం తరువాత ఎల్లమ్మ బోనెక్కింది. ఈసారి కడ్డీ పట్టుకోలేదు. ప్రాసిక్యూటర్ అదే ప్రశ్న అడిగారు. ఆమె నేలచూపులు చూస్తూ, "చీకటి ఉండె సారూ. ఎవలు కొట్టిండ్రో నాకు ఎరుక లేదు" అంది.

అరె! ఒక పూట కింద మా ముందే చెప్పిన మాట! ప్రాసిక్యూటర్ ఆమెను హోస్టైల్ సాక్షిగా, అంటే మాట మార్చి ఎదురుతిరిగిన సాక్షిగా, ప్రకటింపజేసి ఎదురు ప్రశ్నలు వేశారు. పొద్దున ఏం చెప్పావని గద్దించారు. ఎన్ని అడిగినా ఎరుక లేదన్నదే జవాబు. సుజాత అదే కొట్టింది. చదివి వినిపించాం. ఎల్లమ్మ ముద్ర వేసింది.

బయట శ్రీను గొంతు చించుకున్నాడు. "పైసలు తిన్నరు! అమ్మ చెప్పంగనే మిషిని బంద్ జేసిన్రు! గంత కరెక్టుగ ఎట్ల బందైతదన్నా?" అతన్ని తప్పుపట్టలేను. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. సాయంత్రానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. జడ్జి గారు సంజాయిషీ అడుగుతూ సుజాతకు మెమో జారీ చేయించి, విచారించి నివేదిక ఇమ్మని నాకు అప్పగించారు. నిజమని తేలితే ఉద్యోగం ఊడటమే కాదు, జైలు కూడా.

సుజాత ఏడవలేదు. "నేను డిలీటే నొక్కిన సార్. నా పిల్లల మీద ఒట్టు" అని మాత్రం అంది.

మర్నాడు ల్యాప్‌టాప్‌ల మరమ్మతు చూసే ఇంజనీరు ఫయాజ్‌ను పిలిపించాను. అతను సుజాతను టైపు చేసి చూపించమని అడిగి, ఆ వేలు ఎక్కడికి వెళ్తుందో చూసి, తల పట్టుకున్నాడు.

"సాబ్, పాత మాడల్‌ల డిలీట్ గిక్కడ. కొత్తదాంట్ల గిక్కడ పవర్ బటన్. ఒత్తి పట్టుకుంటే ఖలాస్, మొత్తం బంద్."

"అక్కడెందుకు పెట్టారయ్యా?" అని అరిచాను. నాకు నిజంగా ఒళ్లు మండిపోయింది. వంటింట్లో ఉప్పు డబ్బా ఉండే చోట ఎలకల మందు పెట్టి, డబ్బాలు రెండూ ఒకేలా అందంగా ఉన్నాయని మురిసిపోయినట్టుంది.

"క్యా కర్నా సాబ్, అంతా ఫ్యాషన్. పత్లాగ, పలుచగ కావాలె, అంచు సాఫ్ ఉండాలె. మునుపు ఆఫీసు మాడల్ అంటే మజ్బూతీ, గట్టితనం చూసేటోళ్లు. ఇప్పుడు అవి గూడ ఇంట్ల పిల్లలు కొనే మాడల్ తీర్గనే ఉండాలంటున్నరు. బటన్ పెట్టనీకి జాగా యాడున్నది? కీబోర్డుల తోసిన్రు. ఒక కంపెనీ చేస్తే ఇంకోటి చేస్తది."

సెట్టింగుల్లో మార్చి దాని పీడ వదిలించమన్నాను. తేలిగ్గా తాకితే ఏమీ కాకుండా చేయవచ్చుననీ, నొక్కి పట్టుకుంటే ఆరిపోవడం మాత్రం ల్యాప్‌టాప్ పుట్టుకతో వచ్చిన గుణమనీ, దాన్ని ఎవరూ మార్చలేరనీ చెప్పాడు.

నివేదిక కాగితం మీద రాస్తే ఎవరైనా నమ్ముతారా అనిపించింది. అందుకే ల్యాప్‌టాప్‌ను జడ్జి గారి చాంబర్‌లోకి తీసుకెళ్లాను. జడ్జి గారికి టైపు బాగా వచ్చు, తీర్పులు ఆయనే కొట్టుకుంటారు, అదీ తన సొంత పాత ల్యాప్‌టాప్ మీద. నా ముఖం వైపే చూస్తూ ఒక వాక్యం కొట్టి, తల దించకుండా డిలీట్‌తో చెరపమని కోరాను. వింతగా చూశారు గానీ కాదనలేదు. కొట్టారు. కర్సర్ వెనక్కి తీసుకెళ్లారు. ఆయన చిటికెన వేలు నేరుగా మూలకు వెళ్లి, నొక్కి పట్టుకుంది. తెర ఆరిపోయింది.

ఆయన తల దించి, వేలి కింద ఉన్న బటన్‌ను చూశారు. "ఎంత ఘోరం సూపరింటెండెంట్ గారూ" అన్నారు మెల్లగా.

సుజాత మీద మెమో రద్దయింది. స్టోర్ రూములో మూలన పడేసిన పాత లావు కీబోర్డులు తీయించి, దుమ్ము దులిపి, ఆ పలుచని ల్యాప్‌టాప్‌లకు తీగలతో తగిలించాం. చూడటానికి అసహ్యంగానే ఉండేది. పని మాత్రం ఆగలేదు.

కేసు ఆగలేదు, అలాగని నిలబడనూ లేదు. కొట్టినవాణ్ణి చూశానన్న సాక్షి ఒక్కరు కూడా రికార్డులో లేరు. కొన్ని నెలల తరువాత సాక్ష్యం చాలదని రాజును విడుదల చేశారు. ఆ తీర్పు రాసిన జడ్జి గారు ఎల్లమ్మ మొదటి మాటను నాతో పాటే విన్నవారు. దాన్ని తీర్పులో ఒక్క ముక్క వాడుకునే వీలు ఆయనకు లేదు.

తీర్పు రోజు అందరూ వెళ్లిపోయాక ఎల్లమ్మ ఆఫీసు గుమ్మం దగ్గరికి వచ్చింది. శ్రీను ఆమె కోసం ఆగలేదు. రాజు ఆగాడు గానీ ఆమె అటు చూడలేదు.

"బాపూ, మొదాలు నేను చెప్పింది మీరు ఇన్నరు గద?"

"విన్నానమ్మా."

"జడ్జి సారు ఇన్నడు గద?"

"విన్నారు."

"మరి నా చిన్నోని కోసం నేను చెప్పనే లేదన్నట్టు ఎట్లయితది?" అంది. "ఒక్కపారి చెప్పెతందుకే నా పానం వోయింది. రెండోపారి యాడికెల్లి తేవాలె?"

ఆ తరువాత నా సర్వీసు అయిపోయేదాకా మా కోర్టుకు ఏ కొత్త ల్యాప్‌టాప్ వచ్చినా, వేగం ఎంత, బరువెంత అని అడగలేదు. ముందు టైపిస్టును కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని కొట్టమనేవాణ్ణి. ఈ ఘటన వల్ల నేను నేర్చుకున్నది ఇంతే: కొందరు చెప్పాల్సింది ఒక్కసారే చెప్పగలరు, దాన్ని పట్టుకునే పనిముట్టును ఎవరి చేతికిస్తామో వాళ్ల వేళ్లు ఎక్కడికి పోతాయో ముందే చూసుకోవాలి.