ఆ నడిచిన కాళ్లు ఆయనవి కావు

ఇరవై రెండేళ్లు ఆయన లిఫ్టులు బాగుచేశాడు. తలుపు దగ్గర నిలబడి ఒక్క నిమిషం చెవి ఒగ్గి వింటే చాలు, లోపల ఏది అరిగిందో, ఏది వదులైందో చెప్పేసేవాడు. వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆయన లిఫ్టాయనే. నలభై ఒకటో ఏట ఒక మేడలో లిఫ్టు పెట్టె పైకెక్కి పని చేస్తుండగా కాలు పట్టు తప్పింది. రెండంతస్తుల కింద ఇనుప కమ్మీల మీద వెల్లకిలా పడ్డాడు.

ఆసుపత్రి డాక్టరమ్మ నాన్చలేదు. "వెన్నుపాము తెగిపోయింది. బొడ్డు కింద నుంచి స్పర్శ గానీ కదలిక గానీ తిరిగి రావు. చేతులు బాగున్నాయి, బుర్ర బాగుంది. వాటితో బతకడం మేం నేర్పిస్తాం," అంది. మూడు రోజులు ఆయన దుప్పటి మొహం మీదకి లాక్కుని పడుకున్నాడు. నాలుగో రోజు నుంచి నేర్చుకున్నాడు: మంచం మీంచి చక్రాల కుర్చీలోకి చేతుల మీద జరగడం, వేళకు గొట్టం పెట్టుకుని మూత్రం తీసుకోవడం, పుండ్లు పడకుండా మాటిమాటికీ ఒళ్లు పైకెత్తుకోవడం. ఏడాది తిరక్కుండానే కంపెనీ ఆయన్ని ఫోన్ల దగ్గర కూర్చోబెట్టింది. "ఫోను లిఫ్టు తలుపుకి ఆనించండి," అనేవాడు. చప్పుడు విని, ఏ సామాను తీసుకెళ్లాలో మెకానిక్కులకు చెప్పేవాడు. ఒక్కసారీ తప్పలేదు.

అలా కుదుటపడుతున్న ఇంటి మీదకి చుట్టాలు వైద్యాలు పట్టుకుని దిగబడ్డారు. బావ అయస్కాంతాల పట్టీ తెచ్చి నడుముకి చుట్టాడు. పిన్ని నల్లటి లేపనం తెచ్చింది. దాని కంపుకి గదిలో ఈగలు ముసిరాయి. ఒకాయనైతే పలకరింపుకని వచ్చి, అడక్కుండానే దుప్పటి తొలగించి, సంతలో గొడ్డును చూసినట్టు తొడలు నొక్కి చూశాడు. ఆయనకి తొడ మీద చెయ్యి తెలియలేదు గానీ, దుప్పటి మాత్రం లాక్కుని కప్పుకున్నాడు.

చివరికి అక్క నరాల మాస్టారి సంగతి మోసుకొచ్చింది. "ఒరే తమ్ముడూ, ఒక్కసారి వెళ్లొస్తే నీ సొమ్మేం పోయింది? మంచాన పడ్డవాళ్లని లేపి నడిపిస్తున్నాడట!"

"నేను మంచాన పడలేదక్కా. పొద్దున్నే ఆఫీసుకి వెళ్తున్నాను."

భార్య కళ్లు ఎర్రబడ్డాయి. అందుకే వెళ్లాడు.

మాస్టారి హాలు ఫర్నిచర్ కొట్టు పైన ఉంది. ఆయన్ని కుర్చీతో సహా ఇద్దరు పైకి మోశారు. వరసగా పన్నెండు మంచాలు, జిడ్డోడే దుప్పట్లు. మూలన పొయ్యి మీద ఉప్పు మూటలు వేగుతున్నాయి. మాస్టారు ఆయన మోకాలి కింద టపీమని చరిచాడు. కాలు ఎగిరింది.

"చూశారా! నరం లేచింది!" అని అరిచాడు మాస్టారు. హాలంతా చప్పట్లు. అక్క చెంపలు వేసుకుంది, భార్య వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరో ఫోనుతో వీడియో తీశారు.

"అది కండరం దానంతటదే బిగుసుకుపోవడం అండీ," అన్నాడాయన. " మంచం మారినప్పుడల్లా అలాగే ఎగురుతుంది. డాక్టరమ్మ చెప్పింది."

"నోటితో అడ్డుపడితే నరం ఎలా పలుకుతుంది బాబూ?" అన్నాడు మాస్టారు. భార్య బతిమాలినట్టు ఆయన చెయ్యి నొక్కింది. నోరు మూసుకున్నాడు. అందుకు తన మీద తనకే రోత పుట్టింది.

మూడోసారి వెళ్లినప్పుడు బోర్లా పడుకోబెట్టి పిరుదుల మీద ఉప్పు మూటలు పెట్టారు. కాసేపటికి ఆయన ముక్కు పసిగట్టింది.

"ఏదో కమురు వాసన వస్తోంది. చూడండి."

"చెడు బయటికి పోతోంది," అంది అక్కడ పనిచేసే మనిషి, మూట తీయకుండానే.

ఇంటికొచ్చి బట్టలు మార్చబోతే గుడ్డతోపాటు చర్మం ఊడొచ్చింది. భార్య గోడ పట్టుకుని కింద కూలబడింది. మాస్టారికి ఫోన్ చేస్తే, "మంచిదేనమ్మా, చర్మానికి ప్రాణం వచ్చిందన్నమాట," అన్నాడు. ఆవిడ ఫోను మంచం మీదకి విసిరికొట్టింది.

నాలుగు నెలలు ఆసుపత్రిలో బోర్లా పడుకున్నాడు. తన పుండు చీము వాసన తనే పీలుస్తూ అన్నం తిన్నాడు. అప్పుడే ఒకావిడ ఎవరినో అడిగి నంబరు పట్టుకుని ఫోన్ చేసింది. "బాబూ, మీ వీడియో చూశాను. మా అబ్బాయీ మీలాగే పడ్డాడు. ఎన్నాళ్లకి నడిచారు?"

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. భార్య చేత వీడియో తెప్పించుకుని చూశాడు. మొదట తన మొహం, ఎగిరిన కాలు, చప్పట్లు. ఆ తర్వాత గచ్చు మీద టకటకా నడుస్తున్న రెండు పాదాలు. ఎవరివో. ఒళ్లంతా ఎంగిలి చేతులు తడిమినట్టయింది. "థూ!" అన్నాడు.

పుండు మానాక భార్యని వెంటబెట్టుకుని తనే ఆ హాలుకి బయల్దేరాడు. జనం కిక్కిరిసి ఉన్నారు. కుర్చీలో ముందుకి వంగి, భార్య చేత చొక్కా ఎత్తించి, ప్యాంటు కొంచెం కిందకి లాగించి మచ్చ చూపించాడు. అరచెయ్యంత మేర ముడతలు పడి నిగనిగలాడుతున్న మచ్చ.

"వీడియోలో నడిచిన కాళ్లు ఎవరివి మాస్టారూ?"

"నీకు నమ్మకం లేదు, అందుకే కాలింది," అన్నాడు మాస్టారు.

"నిప్పుకి నమ్మకంతో పనేంటి?"

కొందరు తమవాళ్లని లేపుకుని మెట్లు దిగారు. ఒకావిడ మాత్రం కొడుకు పక్కనే కూర్చుంది. "మీకు పడలేదేమో బాబూ. మావాడికి పడుతుందేమో," అంది తల దించుకుని. ఆసుపత్రిలో ఉండగా ఫోన్ చేసింది ఈవిడేనని గొంతుని బట్టి గుర్తుపట్టాడు. ఆవిణ్ని కసురుదామని నోటిదాకా వచ్చింది. కొడుకు కాళ్ల మీద దుప్పటి సర్దుతున్న ఆ చేతులు చూసి ఆగిపోయాడు.

"ఆ మూట ముందు మీ చేతి మీద పెట్టుకుని చూడండమ్మా," అని మాత్రం చెప్పి వచ్చాడు.

ఫిర్యాదు చేస్తే అధికారులు వచ్చి హాలుకి తాళం వేశారు. రెండు నెలలకి మాస్టారు వేరే వీధిలో వేరే బోర్డు పెట్టాడు. వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. ఇప్పటికీ వారానికి ఒకరిద్దరు ఫోన్ చేస్తారు. ఆయన విసుక్కోకుండా జరిగింది జరిగినట్టు చెబుతాడు. కొందరు దండం పెడతారు, కొందరు తిట్టి పెట్టేస్తారు.

కుర్చీ తోసీ తోసీ భుజాలు పీకేస్తుంటే ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే ఆవిడ సన్నటి సూదులు గుచ్చుతానంది. "ఇది మిమ్మల్ని నడిపించదు. నొప్పి తగ్గచ్చు, తగ్గకపోవచ్చు. అయిదుసార్లు చూద్దాం, లాభం లేకపోతే మానేద్దాం," అంది. ఎక్కడ గుచ్చేదీ ముందే చెప్పింది, స్పర్శ లేని చోట ముట్టుకోనంది. నొప్పి సగానికి సగం తగ్గింది.

అది విని అక్క, "అయితే ఆ సూదులేవో కాళ్లకి కూడా..." అని మొదలుపెట్టింది.

"అక్కా," అన్నాడాయన. ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది.