మామగారి కింద ఊడిన చక్రం

ఏ వస్తువునైనా విరిగేదాకా మామగారు నమ్మరు. విరిగాక ఎలాగూ నమ్మరు. కుర్చీల ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగమే అది. కొత్త కుర్చీని ఎత్తి పడేసి, గుంజి, తొక్కి, ముందు ఎక్కడ లొంగుతుందో కనిపెట్టి, అక్కడ గట్టి చేయించడం. ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గాని అలవాటు నుంచి కాలేదు.

ఈ సంగతి కొత్త కోడలికి ఎవరూ చెప్పలేదు. కాపురానికి వచ్చిన మర్నాడే, పుట్టింటివాళ్లిచ్చిన ఫ్లాస్కు మేడ మీంచి వచ్చి ఆమె కాళ్ల ముందు ధన్‌మని పడింది. తలెత్తి చూస్తే పిట్టగోడ మీంచి మామగారు తొంగిచూస్తున్నారు.

"మూత ఊడిందా అమ్మాయీ?"

"ఊడింది మామయ్యగారూ," అంది.

"అనుకున్నా," అని ఆయన తృప్తిగా లోపలికి వెళ్లిపోయారు.

కోడలు వంటింట్లోకి పరుగెత్తి అత్తగారితో మొరపెట్టుకుంది.

"నీది ఫ్లాస్కే కదా. మా పెళ్లయిన కొత్తలో మంచమెక్కి గెంతారు," అంది అత్తగారు ఉల్లిపాయలు తరుగుతూ.

"విరిగిందా?"

"విరక్కపోతే దిగుతారా?"

ఆ వారమే బాత్రూం గడియ వంతు వచ్చింది. పొద్దుటినుంచీ వేసి తీసి, వేసి తీసి, చివరికి కొడుకు లోపల ఉండగా దాన్ని ఊడగొట్టారు.

"నాన్నా, ఆఫీసుకి టైమవుతోంది."

"అదే మీ అమ్మ లోపలుండగా ఊడితే?"

లోపల్నుంచి కొడుకు, తెరుచుకోని తలుపును దబదబ బాదాడు. కోడలు మాత్రం, తాను లోపలుంటే ఏమయ్యేదో తలచుకుని గుడ్లు తేలేసింది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ సాయంత్రం చూసింది ఒక ఎత్తు. బజారు నుంచి వస్తూ వీధి మలుపు తిరిగేసరికి, పైనుంచి వాలులో ఒక చక్రాల కుర్చీ దూసుకొస్తోంది. అందులో మామగారు, బరువు పెంచడానికి ఒళ్లో ఇసుక మూట. ఆమె చేతిలో సంచీ వదిలేసి పరుగెత్తేలోగా ముందు చక్రం ఊడింది, కుర్చీ ఒరిగింది, ఆయన మట్టిలో దొర్లారు.

"మామయ్యగారూ, మీ కాళ్లకేమైంది?"

ఆయన లేచి, దుమ్ము దులుపుకుని, చక్రం వెతికి తెచ్చుకున్నారు. "కాళ్లు బాగానే ఉన్నాయి. బోల్టే తెగింది. మన ఎదురింటి టైలరమ్మ కుర్చీ ఇది, ఇవాళే వచ్చింది."

కోడలికి ఈసారి నిజంగానే మతిపోయింది. టైలరమ్మ నడవలేదు. పాత కుర్చీ పాడయ్యాక గడప దాటనే లేదు. కొత్తది ఎప్పుడొస్తుందా అని కళ్లు కాయలు కాచేలా చూసింది.

"ఆవిడ కుర్చీ విరగ్గొట్టడానికి మీకు మనసెలా ఒప్పింది?"

మామగారు నొచ్చుకోలేదు. "పాతదాని చక్రం నడిరోడ్డు మీద ఊడిందమ్మా. లారీవాడు సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. ఆవిడ్ని అడిగే తెచ్చాను. ఊడేదేదో నా కింద ఊడనీ. నేనైతే లేచి నిలబడగలను."

కోడలు వదిలేసిన సంచీ తెచ్చి భుజాన వేసుకుంది. రెండోవైపు పట్టుకుని, కుర్చీని ఆయనతోపాటు రిపేరు దుకాణందాకా మోసింది.

మర్నాడు మందమైన బోల్టులతో కుర్చీ తిరిగొచ్చింది. మామగారికి మాత్రం నడుం పట్టేసింది. టైలరమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ఆయన కోడలిని ఎగాదిగా చూశారు.

"అమ్మాయీ, నీ బరువూ ఆవిడ బరువూ ఇంచుమించు ఒకటేనా?"

"నాకంటే కాస్త ఎక్కువే ఉంటుందిలెండి," అంది టైలరమ్మ.

కోడలు ఆవిడవంక ఒకసారి, వాలువంక ఒకసారి చూసింది. చెప్పులు విడిచి కుర్చీలో కూర్చుని, రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"ఇసుక మూట కూడా ఇవ్వండి మామయ్యగారూ. తోసేటప్పుడు మొహమాటపడకండి."