అత్త తొడుక్కున్న కోటు

మా మేనత్త మొన్న మంగళవారం కడత్తూరులో, ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఇంట్లో పోయింది. సంతలో ఆవును చూడటానికి వెళ్ళి, ఎండకు తాళలేక ఒక ఇంటి అరుగు మీద కూర్చుందట. ఇంటావిడ మంచినీళ్ళు ఇచ్చిందట. ఆ తర్వాత సంగతి అత్తను ఎరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. లోపలికి వెళ్ళింది, వంటింట్లో కూర్చుంది, మధ్యాహ్నానికల్లా ఆ ఇంటి కోడలి పుట్టింటి గొడవలన్నీ విన్నది. సంగటి తిని, కాస్త నడుము వాల్చి, మళ్ళీ లేవలేదు. కబురు అంది నేను వెళ్ళేసరికి ఆ ఇంటి ఆడవాళ్ళంతా ఏడుస్తున్నారు.

"మీరు ఆమెకేమవుతారు?" అని ఇంటావిడ నన్ను తమిళంలో అడిగింది.

మేనల్లుడినన్నాను.

"మాకు ఆమె తెలిసింది ఈ పొద్దుటినుంచే," అంటూ ఆమె మళ్ళీ కళ్ళు తుడుచుకుంది.

అత్త మా నాన్నకు చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోతే ధర్మపురిలో మా వీధి చివర ఇల్లు కట్టుకుని, ఆవులు పెట్టుకుని, పాలూ నెయ్యీ అమ్ముకుని బతికింది. చదువు రాదు. ఎవరింటికైనా సరే పిలిచేదాకా ఆగి వెళ్ళడం అంతకన్నా రాదు.

యుద్ధం మొదలైన కొత్తలో నేను పరీక్ష తప్పి ఇంట్లో ఉన్నాను. అప్పుడే సేలంలో ఒక టీ పొడి కంపెనీవాళ్ళు ఊరూరా ఇల్లిల్లూ తిరిగి అమ్మేవాళ్ళు కావాలన్నారు. నన్ను తీసుకున్నారు. అడిగిన ప్రతివాణ్ణీ తీసుకున్నారని తర్వాత తెలిసింది. జీతం లేదు, కమీషను మాత్రమే. నల్లకోటు మా ఖర్చు. బస్సు చార్జీ మా ఖర్చు. రుచి చూపించే టీకి పాలూ చక్కెరా మా ఖర్చు. పొట్లం తడిస్తే మాది, చిరిగితే మాది, ఎలుక కొడితే ఆ ఎలుక కూడా మాదే. అమ్మకం తగ్గినా, నియమం తప్పినా ఏజెన్సీ రద్దు, కట్టిన డిపాజిట్టు కంపెనీది. నా డిపాజిట్టు కోసం అత్త తన ఎర్రపెయ్యను అమ్మింది.

నియమాలలో పెద్దది ఇది: ఏజెంటు కోటు వేసుకుని, గడప బయట నిలబడి, కంపెనీ నేర్పిన పాఠం ఒప్పచెప్పాలి. తేయాకు నరాలకు బలం, మెదడుకు చురుకు, కుటుంబానికి క్షేమం, ఇంకా ఏదో ఉండేది. ఆ చివరిది నాకెప్పుడూ సమయానికి గుర్తు వచ్చేది కాదు.

మొదటిరోజు నల్లంపల్లికి వెళ్ళాను. ఆ ఊళ్ళో కోటు వేసుకుని వచ్చేది జప్తుకు వచ్చే కోర్టు అమీనా ఒక్కడే. నన్ను చూడగానే ఒకావిడ ఇత్తడి బిందెలు తీసుకుని పెరట్లో గడ్డివామి వైపు పరుగెత్తింది. రెండో ఇంట్లో తలుపు వేసుకున్నారు. మూడో ఇంటి ముసలాయన మాత్రం పారిపోకుండా, చొక్కా లేని చెయ్యి నా ముందుకు చాచి మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను పాఠం మొదలుపెట్టాను. ఆయన కాసేపు ఓపిక పట్టి, "మాటలు ఎందుకప్పా, సూది పొడిసేసి పో," అన్నాడు. ఆయన నన్ను అమ్మవారి టీకాల మనిషి అనుకున్నాడు. తెచ్చిన పొట్లాలన్నీ తెచ్చినట్టే మోసుకుంటూ ఇంటికి చేరాను.

అత్త అంతా విని, పొట్ట పట్టుకుని నవ్వి, చెంగుతో మొహం తుడుచుకుని అన్నది:

"వాకిట్లో నిలబడి అడిగేవాడు బిచ్చగాడయినా అయి ఉండాల, అమీనా అయినా అయి ఉండాల. మనిషయితే లోపలికి వచ్చి కూసుంటాడు. రేపు నేనూ వస్తాను, పద."

మర్నాడు కోటు సంచిలో పెట్టించింది. మొదటి ఇంట్లోకి, "అమ్మా, రవంత నిప్పు ఇస్తావా?" అంటూ దూరి పొయ్యి దగ్గర కూర్చుంది. ఆవు ఈనిందా అని అడిగింది. ఏ మేత వేస్తున్నారని అడిగింది. మాటల మధ్యలో వాళ్ళ చెంబులోనే నీళ్ళు పెట్టి, వాళ్ళ పాలూ వాళ్ళ బెల్లమే వేసి టీ కాచి, తాను ఒక గుక్క తాగి ఇంటావిడకు ఇచ్చింది. అమ్ముతున్నామన్న మాటే ఎత్తలేదు. లేచి బయలుదేరబోతుంటే ఆ ఇంటావిడే, "ఇది ఏ అంగట్లో దొరుకుతుంది?" అని అడిగింది. అప్పుడు అత్త నావైపు చూసి, "ఏమిరా, నీ దగ్గర ఏమయినా ఉండాదా?" అన్నది, అప్పుడే గుర్తొచ్చినట్టు.

అలా నల్లంపల్లి, పెన్నాగరం దారి ఊళ్ళూ తిరిగాము. కానీ అత్తతో అమ్మకం నేననుకున్నంత సుఖం కాదు. పెన్నాగరం దగ్గర ఒక ఇంట్లో చంటిబిడ్డ తల్లి పొట్లం కావాలని చెయ్యి చాచింది. అత్త దుత్తలో పాలెన్ని ఉన్నాయో వంగి చూసి, "నీకు ఇప్పుడొద్దులే. ఆ పాలు బిడ్డకు పొయ్యి. వీడు నడిచే వయసొచ్చినాక తాగుదువు," అని పొట్లం మళ్ళీ సంచిలో వేసింది. దారిలో నేను ఊరుకోలేకపోయాను.

"అత్తా, ఇట్లా అయితే నా కమీషను ఏమి కావాల?"

"మల్లా ఆ వాకిట్లోకి తలెత్తుకోని పోవాల గదరా. అది చూసుకోని అమ్మాల," అన్నది. ఆమె నాకు నేర్పిన వ్యాపారమంతా అదే.

ఇంతలో నా బదులు ఎవరో ఆడమనిషి అమ్ముతున్నదని సేలానికి ఎవరో చేరవేశారు. కంపెనీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పొడుగాటి మనిషి, మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు. తన ఎదుట నియమప్రకారం అమ్మి చూపించాలనీ, ఆ ఆడమనిషి వెంట ఉండకూడదనీ, తేడా వస్తే ఆ రోజే ఏజెన్సీ రద్దనీ చెప్పాడు. ఎర్రపెయ్య నా కళ్ళముందు మెదిలింది.

పెన్నాగరంలో మొదటి గడప బయట నిలబడి, "తేయాకు నరాలకు బలం," అన్నాను.

"అత్త రాలేదా?" అన్నది ఇంటావిడ.

రెండో ఇంట్లో, "అత్తకు ఒళ్ళు బాగలేదా?" అన్నారు. మూడో ఇంట్లో పాఠం సగంలో ఆపి, తమ ఆవుకు కడుపుబ్బరమని, ఏమి పొయ్యాలో అత్తను అడిగి చెప్పమన్నారు. ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడుతూ వచ్చింది. నేను అది కోపమనుకున్నాను. అది ఎండ. నాలుగో ఇంటి ముందు ఆయన గోడ పట్టుకుని, మెల్లగా అరుగు మీద కూలబడ్డాడు.

ఆ ఇంట్లోంచి మజ్జిగ చెంబుతో అత్త బయటికి వచ్చింది. మాకంటే ముందు బస్సుకే వచ్చి కూర్చుందట.

"తాగండి సామీ. ఈ ఎండలో టీ ఎవుడు తాగుతాడు?"

టీ కంపెనీ ఇన్‌స్పెక్టరు చెంబెడు మజ్జిగ గటగటా తాగాడు. కోటు విప్పమంటే మాత్రం ఒప్పుకోలేదు. అత్త విసనకర్ర తెచ్చి పక్కన నిలబడి, విప్పేదాకా వదలలేదు. విప్పితే, లోపల చొక్కాకు ముందుభాగమూ కాలరూ ఉన్నాయి. వీపు లేదు. చిరిగి చిరిగి, ఎప్పుడో కత్తిరించేసినట్టున్నారు. అత్త చప్పున అటు తిరిగి ఇంటావిడతో ఏదో మాట్లాడుతూ, చూపు అటే ఉంచి విసరసాగింది.

ఆయనకూ జీతం లేదని అప్పుడే చెప్పాడు. మా అమ్మకాల మీద వచ్చే కమీషనే ఆయన కూడూ గుడ్డా. మమ్మల్ని తీసేస్తే ఆయనకూ పోతుంది, తీసెయ్యకపోతే ఆయన్నే తీసేస్తారు.

అత్త విసనకర్ర కింద పెట్టింది. "మీ కాయిదంలో ఏమని ఉండాది సామీ?"

"కోటు వేసుకోవాలి. గడప బయట నిలబడాలి. పాఠం చెప్పాలి."

"ఆ కోటు ఆడది తొడుక్కోగూడదని ఉండాదా?"

ఆయన నియమాలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకుని, "లేదమ్మా," అన్నాడు.

"ఒరే, కోటు ఇప్పు."

చీర మీద నా నల్లకోటు తొడుక్కుని మా అత్త వీధిలో నిలబడింది. చేతులు కోటులో ఎక్కడో ఉండిపోయాయి. ఒకావిడ చూసి ఇంకొకావిడను పిలిచింది, ఆవిడ కోడళ్ళను పిలిచింది. వీధి వీధంతా వచ్చింది. అత్త గంభీరంగా, "తేయాకు నరాలకు బలం, మెదడుకు చురుకు, కుటుంబానికి క్షేమం," అని, ఆగి, "ఇంకొకటేదో ఉండాది. దినామూ వీడు మరిసిపోతాడు, దాంతో నాకూ రాలేదు," అన్నది. నవ్వి నవ్వి కొందరు కూలబడ్డారు. తెచ్చిన సంచి ఖాళీ అయింది. ఇన్‌స్పెక్టరు నవ్వగా నేను చూడటం అదే మొదలు. ఏజెన్సీ నియమప్రకారం కోటుతో నడుస్తున్నదని ఆయన సేలానికి రాశాడు. అందులో అబద్ధం లేదు.

తర్వాత సరుకు రావడం తగ్గి, కంపెనీ మా ఊళ్ళను వదిలేసింది. చాలామంది డిపాజిట్లు మునిగిపోయాయి. మాది ఆ ఇన్‌స్పెక్టరు పోట్లాడి ఇప్పించి, తానే బస్సెక్కి తెచ్చి ఇచ్చాడు. అత్త లోపలికి వెళ్ళి, గుడ్డ దొరకని ఆ కాలంలో ఎక్కడ సంపాదించిందో, ఒక చొక్కా గుడ్డ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన వద్దన్నాడు.

"అమ్మేదానికి తేలేదు సామీ, తీసుకోండి," అన్నది.

నేను ఆమెను గుర్తు తెచ్చుకుంటే ముందుగా కనబడేది మాత్రం పోయిన చిత్తిర నెల ఎండల్లో చూసిన దృశ్యం. పెన్నాగరం నుంచి ఇద్దరం బస్సులో వస్తున్నాము. దారిలో రాగులు ఆరబోసుకుంటున్న ఎవరో ముసలమ్మను చూసి, ఒక్క మాట అడిగి వస్తానని అత్త బస్సు ఆపించి దిగింది. అది పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు, ఆగితే మళ్ళీ రగలడం కష్టం. అయినా డ్రైవరు హారను కొట్టలేదు. ఎవరూ విసుక్కోలేదు. కాసేపటికి ఇంజను దానంతటదే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో దూరంగా అత్త, ముసలమ్మ పక్కన గొంతుక్కూర్చుని, రెండు చేతులతో రాగులు కలియబెడుతూ మాట్లాడుతూనే ఉంది.