పదో దరఖాస్తు

బస్సు టైరు పంక్చరైతే అందరం దిగి రోడ్డుపక్కన నిలబడ్డాం. కాలికి బలపం కట్టుకుని తిరిగే నాకు పంక్చర్లు కొత్త కావు గానీ, యాభై ఏళ్ల మనిషి రాయి ఏరుకుని నాకడం చూడటం మాత్రం అదే మొదలు.

"ఉప్పు సరిపోయిందా?" అన్నాను, ఉండబట్టలేక.

"తడిపితే అసలు రంగు తేలుతుంది పెద్దాయనా," అంటూ దాన్ని నా చేతిలో పెట్టాడు. "మా డిపార్ట్‌మెంట్‌లో మేడం గారూ ఇలాగే చూస్తారు."

ఓ చిన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అటెండరట. ఉన్నవే అయిదు కోర్సులు: సాహిత్యం, చరిత్ర, లెక్కలు, వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం. నేను చూసిన పెద్ద విశ్వవిద్యాలయాల్లో దారి అడుగుదామన్నా పలికే నాథుడుండడు. వీళ్ల దాంట్లో మాత్రం క్యాంటీన్ వంటామెకి కూడా పిల్లలందరి పేర్లూ నోటికొచ్చట. ఇరవై ఆరేళ్లుగా భూగర్భశాస్త్రం గదిలో రాళ్లు తుడిచి చీటీలు అంటించేది ఇతనే. పిల్లలు 'రాళ్ల బాబాయ్' అంటారు. సాయంత్రం తరగతుల్లో కూర్చుని, మూడు దండయాత్రలు చేసి, అందులోనే డిగ్రీ కూడా గట్టెక్కాడు.

ఈసారి ఎమ్మెస్సీలో పదిమంది చేరకపోతే కోర్సు మూసేస్తారు. గడువు ఇవాళ సాయంత్రం అయిదు. చేరింది తొమ్మిదిమంది. వస్తానని రాని పదో అమ్మాయి ఇంటికి వెళ్లి వస్తున్నాడు.

"ఏమన్నారు?"

"'రాళ్లు అన్నం పెడతాయా?' అన్నాడు వాళ్ల నాన్న. 'నాకు పెడుతున్నాయి కదండీ' అన్నా. ఎగాదిగా చూసి తలుపేశాడు."

నవ్వాడు గానీ, చేతిలో ఖాళీ ఫారం నలిగిపోతోంది.

"మూసేస్తే మీ ఉద్యోగం?"

"నాకేం, పరీక్షల విభాగానికి పంపుతారు. రాళ్లే గోదాములో పడతాయి. ఏది ఏ కొండదో చెప్పేవాడుండడు."

టైరు మార్చారు. బస్సెక్కి అతని పక్కనే కూర్చున్నాను.

"మీకు డిగ్రీ ఉందన్నారుగా? సిబ్బంది చేరకూడదా?"

ఫారం వెనక్కి తిప్పి నిబంధనలన్నీ చదివాడు. "మేడం సంతకం పెడితే చేరొచ్చు. కానీ నవ్వుతారండీ! బెంచీ తుడిచి దానిమీదే కూర్చోవాలి. మా ఆవిడైతే నెలరోజులు నవ్వుతుంది."

"నవ్వనివ్వండి. మరి రాళ్ల మాట?"

నలిగిన ఫారాన్ని అరచేత్తో సాపు చేశాడు.

"పెన్నుందా?"

మోకాలి మీద పెట్టుకుని, కుదుపుల మధ్యే, చీటీ రాసినట్టు గుండ్రటి అక్షరాల్లో రాశాడు: పేరు, పుట్టిన చోటు, ఏడాది.

నాలుగూ యాభైకి విశ్వవిద్యాలయం గేటు వచ్చింది. బస్సు పూర్తిగా ఆగకముందే దిగి, నా పెన్ను జేబులో పెట్టుకుని, వెళ్లొస్తానని ఒక్క ముక్కయినా అనకుండా విసవిసా లోపలికి నడిచాడు.