చెకింగ్ మామ నామినేషన్

బస్సు కండక్టరుగా చేసి రిటైరైన ఆయనకి చెకింగ్ మామ అన్న పేరు ఊరికే రాలేదు. పెళ్ళాం ఉప్పు తెచ్చినా సంచి తిప్పి చూసేవాడు. మనవరాలు కడుపునొప్పి అంటే స్కూలుకి ఫోను చేసి ఇవాళ పరీక్ష ఉందా అని ఆరా తీసేవాడు. అలాంటి మనిషి పార్లమెంటుకి పోటీకి దిగాడు. ఇప్పుడున్న సభ్యుడు ఓట్లప్పుడు తప్ప మొహం చూపించడనీ, తను గెలిస్తే ఈ పద్ధతి మారుస్తాననీ వీధివీధికీ చెప్పుకొచ్చాడు. నవ్వేవాళ్ళు నవ్వారు. బస్టాండు హమాలీలు, ఆటోవాళ్ళు మాత్రం నవ్వలేదు. టికెట్టు డబ్బులో ఆయన చిల్లిగవ్వ మింగలేదని వాళ్ళకి తెలుసు. ఈసారైనా తమ ఓటుకి ఒక మనిషి దొరికాడనుకున్నారు.

ఎన్నికల ఏజెంటు పని బావమరిది నెత్తినేసుకున్నాడు. మోటార్లు బాగుచేసే మనిషి, చేతులకి ఎప్పుడూ గ్రీజే.

తంటా అక్కడే మొదలైంది. మామకి బస్సులో అబ్బిన శాస్త్రం ఒకటుంది. కండక్టరు రాగానే కిటికీలోంచి బయటికి చూసేవాడు దొంగ, అడక్కముందే టికెట్టు డబ్బు చాపేవాడు దొర. గెలుస్తామా అని అడిగినప్పుడల్లా బావమరిది చూపు కిటికీ వైపు తిప్పేవాడు. అక్క మొగుడు నవ్వులపాలవుతాడేమోనన్న బెంగ అది, పాపం పైకి చెప్పలేకపోయాడు. ఆ మధ్య సభ్యుడి ఇంట్లో నీళ్ళ మోటారు కూడా బాగుచేశాడని తెలిసేసరికి మామకి అనుమానం కాస్తా రూఢి అయిపోయింది.

అదే వారం ఒక వ్యాను యజమాని వచ్చాడు. అడక్కుండానే వ్యాను ఇచ్చాడు, అడక్కుండానే మైకు పెట్టించాడు. మామకి ఇంకేం కావాలి? ఈయనెక్కణ్ణించి ఊడిపడ్డాడని బావమరిది ఒకటికి రెండుసార్లు అడిగితే ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ అతన్ని తీసేసి వ్యానాయన్ని ఏజెంటుగా పెట్టుకున్నాడు. ఆయన వేలు పెట్టిన చోటల్లా సంతకాలు చేశాడు. బతుకంతా చిరుగునోట్లు వెలుతురుకి పట్టి చూసిన మనిషి ఒక్క కాగితమూ చదవలేదు. తలుచుకుంటే ఊళ్ళోవాళ్ళకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నా తమ్ముడు నీకేం ద్రోహం చేశాడని భార్య నిలదీసింది. అదే కనిపెడతానన్నాడు మామ.

నామినేషన్లు వెనక్కి తీసుకునే ఆఖరి రోజు సాయంత్రం మామ పోస్టర్లకి మైదా జిగురు ఉడికిస్తున్నాడు. బావమరిది వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. వ్యానాయన ఎన్నికల ఆఫీసుకెళ్ళి, మామ సంతకమున్న కాగితమిచ్చి, పోటీ నుంచి తప్పుకుంటున్నామని చెప్పేశాడట. గడువు కూడా దాటిపోయింది. ఇక మామ అభ్యర్థి కాడు.

మామ గరిటె వదిలేశాడు. ఆ పాడుబుద్ధి అప్పటికీ ఊరుకోలేదు.

"ఇదంతా నీకెలా తెలుసు?"

"నువ్వు తీసేసిన కాణ్ణించీ పని మానుకుని ఆ ఆఫీసు గేటు దగ్గరే ఉంటున్నా బావా. ఇవాళ లోపలికెళ్ళి ఆపబోతే, నువ్వు ఏజెంటువి కాదుగా అని బయటికి నెట్టారు. మొన్ననే ఆ వ్యానువాణ్ణి సభ్యుడి కార్లో చూశాను."

"మొన్ననే చూస్తే నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నమ్మేవాడివా?"

పొయ్యి మీద జిగురు అడుగంటుతోంది. అబద్ధమాడటం మామకి ఏనాడూ చేతకాలేదు.

"నమ్మేవాణ్ణి కాదు," అన్నాడు.